గడప దాటితేనే మందు

1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొన్నాడు. మరుసటి ఏడాది అచ్చయిన వ్యాసంలో ఆయన ఒక ముఖ్యమైన సంగతి రాశాడు. చీము పట్టించే స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులను ఈ మందు ఆపుతోంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా మీద, పేగుల్లో ఉండే ఈ.కోలై మీద మాత్రం పనిచేయడం లేదు. ఒకే మందుకు ఈ తేడా ఎందుకు? ప్రధాన కారణం బ్యాక్టీరియా పైపొరల్లో ఉంది.

రెండు రకాల బ్యాక్టీరియా

1884లో డెన్మార్క్‌కు చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బ్యాక్టీరియాకు రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. ఊదారంగును నిలుపుకున్నవి గ్రామ్ పాజిటివ్, నిలుపుకోనివి గ్రామ్ నెగెటివ్. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకు బయట దళసరి గోడ ఉంటుంది. అయితే అది వల లాంటిది. చాలా మందులు దాని సందుల్లోంచి లోపలికి వెళ్తాయి.

గ్రామ్ నెగెటివ్ వాటి గోడ పలుచన. కానీ ఆ గోడకు బయట ఇంకో పొర కప్పి ఉంటుంది. దాని వెలుపలి వైపు కొవ్వు, చక్కెర కలిసిన పెద్ద అణువులు దగ్గర దగ్గరగా అమరి ఉంటాయి. మెగ్నీషియం, కాల్షియం అయాన్లు వాటిని పట్టి ఉంచుతాయి. అందుకే ఈ పొరను దాటడం మందులకు కష్టం. టైఫాయిడ్ బ్యాక్టీరియా, ఈ.కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ ఈ వర్గానివే.

పోరిన్ అనే ద్వారం

అంత గట్టి పొర ఉంటే బ్యాక్టీరియాకు తిండి ఎలా అందుతుంది? ఆ పొరలో నీటితో నిండిన సన్నని సొరంగాల వంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటిని పోరిన్లు అంటారు. అమెరికాలో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త హిరోషి నికైడో, ఆయన సహచరులు 1970లలో వీటి పనితీరును వివరించారు. ఈ.కోలై పోరిన్ల గుండా సుమారు 600 డాల్టన్ల లోపు బరువుండి, నీటిలో కరిగే అణువులు వెళ్లగలవు. సొరంగం ఇరుకైన చోట విద్యుదావేశాలు ఉంటాయి. కాబట్టి అణువు పరిమాణంతో పాటు దాని ఆవేశమూ ముఖ్యమే.

పెనిసిలిన్-జి బరువు సుమారు 334 డాల్టన్లు. పరిమాణం సరిపోయినా, అది ఈ ద్వారం గుండా తేలికగా వెళ్లలేదు. దానికి ఒక అమైనో గుంపును చేర్చగా ఆంపిసిలిన్ తయారైంది. బరువు సుమారు 349కి పెరిగినా, అది పోరిన్ల గుండా మెరుగ్గా దూరగలిగింది. 1961లో వాడుకలోకి వచ్చాక ఈ.కోలై, టైఫాయిడ్ చికిత్సలకూ పనికొచ్చింది. వాంకోమైసిన్ బరువు 1,400 డాల్టన్లకు పైమాటే. అది గ్రామ్ పాజిటివ్ వాటి మీద శక్తిమంతమైనదే అయినా, ఈ.కోలై గడప దాటలేదు.

ఇతర దారులు

కొలిస్టిన్ పోరిన్ల కోసం చూడదు. అయాన్లను తోసేసి పొరనే చీలుస్తుంది. అయితే మూత్రపిండాలకు హాని చేయగలదు కనుక, వేరే మందులు పనిచేయనప్పుడే వైద్యులు దాన్ని వాడతారు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన సెఫిడెరోకాల్ దారి మరొకటి. బ్యాక్టీరియాకు ఇనుము కావాలి. ఈ మందు ఇనుమును పట్టుకుని వెళ్తుంది. ఇనుము కోసం ఉన్న ద్వారం నుంచే బ్యాక్టీరియా దాన్ని లోపలికి తీసుకుంటుంది.

బ్యాక్టీరియా ఎదురుదాడి

లోపలికి వెళ్లినంత మాత్రాన పని పూర్తికాదు. రెండు పొరల మధ్య జాగాలో మందును విరిచే ఎంజైములు ఉండవచ్చు. వచ్చిన మందును బయటికి తోడేసే ప్రోటీన్ పంపులూ ఉంటాయి. వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ అయితే మందు చాలినంత చేరదు. కొన్ని బ్యాక్టీరియాలు ద్వారాలనే తగ్గించుకుంటాయి. సూడోమోనాస్ తన ఓపీఆర్‌డీ అనే పోరిన్‌ను పోగొట్టుకుంటే ఇమిపెనెమ్ మందుకు లొంగడం తగ్గిపోతుంది.

కొలిస్టిన్‌కూ ఆపద వచ్చింది. ఆ మందు అతుక్కునే చోటును మార్చేసే ఎంసీఆర్-1 అనే జన్యువు గురించి 2015లో చైనా నుంచి వెల్లడైంది. అది ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి పాకగలదు. 2019లో మన దేశం కోళ్ల పెంపకంలోనూ, పశువుల దాణాలోనూ కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

మనం చేయవలసింది

గడప దాటగలిగే మందులు కొన్నే ఉన్నాయి. అనవసరంగా వాడిన ప్రతిసారీ, తట్టుకోగల బ్యాక్టీరియా మిగిలి పెరిగే అవకాశం ఇస్తున్నాం. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. పాత చీటీ చూపించి మందు కొనకండి. ఇంట్లో మిగిలినవి ఇంకొకరికి ఇవ్వకండి. వైద్యులు చెప్పిన మోతాదును, చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వాడండి. వీలున్నప్పుడు కల్చర్ పరీక్ష చేయిస్తే, ఏ మందు పనిచేస్తుందో ముందే తెలుస్తుంది. సైన్సు చదివే మన పిల్లలకు ఇదొక పెద్ద రంగం కూడా: కొత్త మందును ఆ పొర దాటించే ఉపాయం కోసం ప్రయోగశాలల్లో వెతుకులాట ఇంకా సాగుతోంది.