కొత్తగా చేరినవాళ్ల ల్యాప్‌టాప్‌లో నడవాలి

చిరంజీవి చిన్నికి,

నీ మెయిల్ చూశాను. టీమ్‌లో కొందరివి మ్యాక్‌లు, కొందరివి విండోస్, సర్వర్లేమో లినక్స్. అందరి దగ్గరా నడిచే సెటప్ స్క్రిప్ట్ నిన్ను రాయమన్నారు, ఏ లైబ్రరీలు వాడాలో చెప్పమంటున్నావు. లైబ్రరీల మాట తర్వాత చూద్దాం. ముందు ఆ స్క్రిప్ట్ ఎవరికోసమో ఆలోచించు నాన్నా. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల రిపో దించుకుని మొట్టమొదట నడిపేది అదే. అప్పటికి ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకేమీ ఉండదు. నువ్వు తగిలించే ప్రతి డిపెండెన్సీ ఆ పిల్ల మీద పెట్టే షరతు. సెటప్ స్క్రిప్ట్ నడపడానికి మళ్లీ ఇంకో సెటప్ కావాలంటే ఇక అది ఉండి ఏం లాభం?

ప్యాకేజీల ఫైల్లో రాసుకున్నవే డిపెండెన్సీలని చాలామంది అనుకుంటారు. షెల్ స్క్రిప్ట్‌లో పిలిచే ప్రతి కమాండూ డిపెండెన్సీయే. కాకపోతే దాని వెర్షన్ ఎక్కడా రాసి ఉండదు. నన్నడిగితే ఎక్కువ ప్రమాదం వీటితోనే. సెడ్‌నే చూడు. లినక్స్‌లో సాధారణంగా ఉండేది గ్నూ సెడ్, మ్యాక్‌లో బీఎస్‌డీ సెడ్. ఫైల్‌ను అక్కడికక్కడే మార్చే ‘మైనస్ ఐ’ రెండింట్లోనూ ఉంది. కానీ బీఎస్‌డీ సెడ్ దాని వెంటనే బ్యాకప్ ఫైల్ పేరుకు తగిలించే తోక అడుగుతుంది. ఇవ్వకపోతే నువ్వు రాసిన ఆదేశాన్నే తోకగా, ఫైల్ పేరునేమో ఆదేశంగా తీసుకుని ఎర్రర్ ఇస్తుంది. బాష్ సంగతీ అంతే. మ్యాక్‌తో వచ్చేది 2006లో విడుదలైన 3.2 వరస. ఆ తర్వాతి బాష్ జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు కిందికి వెళ్లాక యాపిల్ దాన్ని తీసుకోలేదు. 2019లో డిఫాల్ట్ షెల్‌నే మార్చేసింది. అందువల్ల 2009లో బాష్ 4తో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు వాడావంటే లినక్స్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్ మ్యాక్‌లో సరిగ్గా నడవదు. విండోస్ పవర్‌షెల్‌లోనైతే సెడ్ అనే మాటే తెలియదు.

అందుకే రెండు మూడు కమాండ్లు వరసగా నడపడానికి మించిన పనికి షెల్ వద్దంటాను. ప్రాజెక్ట్‌కు ఎలాగూ కావలసిన భాషలోనే స్క్రిప్టూ రాయి. మీ బ్యాకెండ్ పైథాన్ అన్నావు కాబట్టి పైథాన్ ఎవరైనా పెట్టుకోక తప్పదు. దాంతోపాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ నీ పనికి చాలావరకు సరిపోతుంది. ఫైల్ దారులకు పాత్‌లిబ్, ఇంకో ప్రోగ్రామ్ నడపడానికి సబ్‌ప్రాసెస్, ఆప్షన్లు చదవడానికి ఆర్గ్‌పార్స్ ఉన్నాయి. 3.11 నుంచి టామల్ ఫైళ్లు చదవడానికి టామ్‌లిబ్ కూడా వచ్చింది. ఒక ఫైల్ దించుకోవడానికి రిక్వెస్ట్స్ లాంటి బయటి ప్యాకేజీ అక్కర్లేదు.

పైథాన్ వెర్షన్ తనిఖీ మొదట్లోనే పెట్టు. అది కొత్త సింటాక్స్ లేని చిన్న ఫైల్లో ఉండాలి. లేకపోతే పాత పైథాన్ నీ తనిఖీ దాకా రాకుండానే సింటాక్స్ ఎర్రర్ చూపిస్తుంది, చదివేవాళ్లకు అర్థం కాదు. ఫైల్ తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పు. చెప్పకపోతే విండోస్‌లో చాలా పైథాన్ వెర్షన్లు సిస్టమ్ లొకేల్‌ను బట్టి తెరుస్తాయి. కాన్ఫిగ్‌లో ఎవరైనా ఒక్క తెలుగు వాక్యం రాశారంటే అక్షరాలు చెడిపోతాయి, లేదా స్క్రిప్టే ఆగిపోతుంది.

బయటి ప్యాకేజీ దగ్గర నాకు నిజంగా భయం ఉంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టే పద్ధతి విండోస్‌లో ఒకటి, మిగతాచోట్ల ఒకటి. ఆ తేడా తీర్చడానికి నోడ్ వాళ్లు క్రాస్ హైఫన్ ఎన్వ్ అనే ప్యాకేజీ వాడేవారు. 2017లో ఎవరో హైఫన్ తీసేసి అదే పేరుతో ఎన్‌పీఎంలో ఇంకొకటి పెట్టారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ పోగుచేసి బయటికి పంపేసింది. డెవలపర్ మిషన్‌లో వాటిలోనే కదా తాళాలు, టోకెన్లు ఉండేది. యూజర్లకు చేరేది కాదు, లోపల వాడుకునే స్క్రిప్టే కదా అని తేలిగ్గా తీసుకోకు. కంపెనీ తాళాలన్నీ అందుబాటులో ఉన్నచోట నడిచేది ఆ స్క్రిప్టే.

అలాగని అన్నీ సొంతంగా రాయమనడం లేదు. యామల్ పార్సర్, ఎన్‌క్రిప్షన్ సొంతంగా రాసే జోలికి మాత్రం వెళ్లకు. పేరున్న లైబ్రరీయే తీసుకో, వెర్షన్, హ్యాష్ రెండూ లాక్ ఫైల్లో కట్టెయ్. దాని కింద ఇంకెన్ని వస్తున్నాయో చూడు. ఇన్‌స్టాల్ మాత్రం వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనే. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లో పిప్‌తో నేరుగా పెట్టబోతే మామూలుగా ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. కాన్ఫిగ్ మీ చేతిలోదే అయితే యామల్ మానేసి టామల్‌కు మారండి, ఆ లైబ్రరీ అవసరమే ఉండదు.

మీ సీఐలో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా ప్రతి మార్పుకూ స్క్రిప్ట్ నడిపించు. అందులో ఒకచోట ఫోల్డర్ పేరులో ఖాళీ ఉండేలా చూడు. విండోస్‌లో యూజర్ ఫోల్డర్ పేరు ఇంటిపేరుతో సహా ఉండేవాళ్లు మీ టీమ్‌లోనూ ఉంటారు. కమాండ్‌ను ఒకే వాక్యంగా కాకుండా లిస్టుగా సబ్‌ప్రాసెస్‌కు ఇస్తే అక్కడ తడబడదు. మొదటి డ్రాఫ్ట్ అవగానే నాకు పంపు, ఇంపోర్ట్ లైన్ల నుంచి మొదలుపెట్టి చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ