విశేషణ దోషాలు – మూలాలు, సవరణలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం మూడు భాషలు కలిసే సీమ. రామసముద్రం మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. అక్కడి ప్రజలకు తెలుగుతో పాటు కన్నడం కూడా పరిచితమే. కుప్పం వైపు వెళితే తమిళం వినిపిస్తుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది కుప్పంలోనే. ఇటువంటి సీమలో పెరిగిన విద్యార్థి భాషల మధ్య భేదాలను చిన్ననాటి నుంచే చెవితో గ్రహిస్తాడు. అయినా ఇంగ్లీషు వాక్యం రాసేటప్పుడు విశేషణం దగ్గర తడబడుతుంటాడు. ఆ తడబాటును చూసి అతనికి చదువు అబ్బలేదని తీర్మానించేవారున్నారు. ఆ తీర్మానం సరి కాదు. చాలా సందర్భాలలో అతడు నియమాన్ని విడిచిపెట్టడం లేదు. ఒక భాష నియమాన్ని మరొక భాషలో పాటిస్తున్నాడు. ఆ నియమమేదో తెలిస్తే దోషాన్ని గుర్తించడం, సవరించడం రెండూ సులభమవుతాయి.

తరతమ భేదాలు

నామవాచకం యొక్క గుణాన్ని, సంఖ్యను, పరిమాణాన్ని తెలిపే పదం విశేషణం. ఇద్దరినో, రెండు వస్తువులనో పోల్చేటప్పుడు తెలుగులో విశేషణం రూపం మారదు. ‘రామసముద్రం కంటె మదనపల్లె పెద్దది’ అన్న వాక్యంలో పోలిక భారమంతా ‘కంటె’ మోస్తుంది. ‘పెద్ద’ అన్న మాట ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. కన్నడంలో ‘గింత’, తమిళంలో ‘విడ’ ఇదే పని చేస్తాయి. ఇంగ్లీషులో ‘దాన్’ ఉన్నా చాలదు, విశేషణం కూడా మారాలి. అందువల్ల ‘మదనపల్లె ఈజ్ బిగ్ దాన్ రామసముద్రం’ అనడం దోషం. ‘బిగ్గర్ దాన్’ అనాలి.

ఈ దోషానికి భయపడి కొందరు ‘మోర్ బిగ్గర్’ అని రెండు గుర్తులు చేరుస్తారు. ఒక పోలికకు ఒక గుర్తే చాలు. పూర్వకాలపు ఇంగ్లీషులో, షేక్‌స్పియర్ నాటకాలలో సైతం, ఇటువంటి జంట గుర్తులు కనిపిస్తాయి. తరువాతి వ్యాకర్తలు వాటిని నిషేధించారు. తెలుగులోనూ దీనికి సాటి ఉంది. ‘ఉత్తమం’ అన్న సంస్కృత పదంలోని ‘తమ’ ప్రత్యయమే అన్నింటికంటె మేలైనదని చెబుతుంది. దానికి ‘అతి’ చేర్చి ‘అత్యుత్తమం’ అంటున్నాము. వాడుక దానిని అంగీకరించింది. నేటి ప్రామాణిక ఇంగ్లీషు మాత్రం ‘మోస్ట్ బెస్ట్’ను అంగీకరించదు.

మరొక చోట తెలుగే విద్యార్థికి దారి చూపుతుంది. ‘దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో మదనపల్లె మార్కెట్ ఒకటి’ అన్నప్పుడు ‘మార్కెట్లలో’ అని బహువచనం వాడుతున్నాము. ఇంగ్లీషులో కూడా అంతే. ‘వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్ మార్కెట్’ అని ఆపక ‘మార్కెట్స్’ అనాలి.

సంఖ్య, పరిమాణం

‘ఇంటర్మీడియట్ రెండేళ్ళ కోర్సు’ అంటాము. ‘ఏళ్ళ’ అన్నది బహువచన రూపం. దీనిని అనుసరించి ‘టూ-ఇయర్స్ కోర్స్’ అని రాయడం సహజమే కాని దోషం. నామవాచకం విశేషణంగా మారి మరొక నామవాచకానికి ముందు నిలిచినప్పుడు ఇంగ్లీషు దానిని సాధారణంగా ఏకవచనంలోనే ఉంచుతుంది. కనుక ‘టూ-ఇయర్ కోర్స్’ అన్నదే సాధువు.

పరిమాణం తెలిపేటప్పుడు తెలుగు మనుషులను వేరుగా చూస్తుంది: ‘కొందరు విద్యార్థులు’, ‘కొన్ని పుస్తకాలు’. ఇంగ్లీషు లెక్కించదగినవాటిని, లెక్కకు రానివాటిని వేరు చేస్తుంది: పుస్తకాలకు ‘మెనీ’, నీటికి ‘మచ్’. ‘చాలా’ అన్న ఒక్క మాట తెలుగులో పుస్తకాలకూ నీళ్ళకూ సరిపోతుంది కనుక విద్యార్థికి ఇక్కడ సందేహం కలుగుతుంది. పైగా ‘నీళ్ళు’ తెలుగులో బహువచనం, ఇంగ్లీషులో ఏకవచనం.

‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ అన్నవాటి భేదాన్ని తెలుగు ఏకారంతో గుర్తుంచుకోవచ్చు. ‘కొద్దిమందే వచ్చారు’ అంటే రావలసినంతమంది రాలేదన్న లోటు ధ్వనిస్తుంది, అది ‘ఫ్యూ’. ‘కొద్దిమంది వచ్చారు’ అంటే ఆ లోటు లేదు. అది ‘ఎ ఫ్యూ’.

అర్థాన్ని తారుమారు చేసే దోషాలు

పైవాటిలో చాలా దోషాల వల్ల వాక్యం వికారమవుతుంది గాని భావం చెడదు. కొన్ని దోషాలు భావాన్నే మార్చివేస్తాయి. ఉద్యోగానికి దరఖాస్తు రాసే యువకుడు ‘నాకు ఈ ఉద్యోగంలో ఆసక్తి ఉంది’ అని తలచి ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్’ అని రాస్తే, తాను ఆసక్తి కలిగించే వ్యక్తినని తన్ను తాను పొగడుకున్నట్లవుతుంది. తరగతిలో విసుగు చెందినవాడు ‘ఐ యామ్ బోరింగ్’ అంటే, ఇతరులకు విసుగు పుట్టించేవాణ్ణని ఒప్పుకున్నట్లవుతుంది. తెలుగులో ఆసక్తి, విసుగు నామవాచకాలు. ‘నాకు విసుగుగా ఉంది’ అనడంతో పని గడుస్తుంది. అందుచేత ఇంగ్లీషులో విశేషణాన్ని ఎన్నుకోవలసి వచ్చినప్పుడు తికమక ఏర్పడుతుంది. దీనికొక పరీక్ష ఉంది. తెలుగులో ‘కలిగించే’, ‘పుట్టించే’ అని చెప్పగలిగిన చోట ‘ఇంగ్’ రూపం వాడాలి. ‘కలిగిన’, ‘చెందిన’ అని చెప్పగలిగిన చోట ‘ఎడ్’ రూపం వాడాలి. విసుగు పుట్టించే పాఠం ‘బోరింగ్’. విసుగు చెందిన విద్యార్థి ‘బోర్డ్’.

‘గా’ చేరిన పదాలు

‘అందమైన కొండ’ అన్నప్పుడు విశేషణం స్పష్టం. ‘కొండ అందంగా కనబడుతోంది’ అన్నప్పుడు ‘గా’ చేరుతుంది. ‘గా’ చేరిన ప్రతి మాటనూ క్రియావిశేషణంగా భావించినవాడు ‘ది హిల్ లుక్స్ బ్యూటిఫుల్లీ’ అని రాస్తాడు. అందం కొండకు చెందినదే కాని కనబడడమనే క్రియకు చెందినది కాదు. కాబట్టి ‘బ్యూటిఫుల్’ అనే రాయాలి. ‘ఆమె అందంగా పాడుతుంది’ అన్న వాక్యంలో మాత్రం అందం పాడడానికి చెందుతుంది; అక్కడ ‘బ్యూటిఫుల్లీ’ సాధువు.

దోషాన్ని గుర్తించే మార్గం

రాసిన వాక్యాన్ని సరిచూసుకొనేటప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ విశేషణం దేనికి చెందుతుంది? దాని రూపం మారాలా, మారనక్కర లేదా? ఈ వాక్యం రాసేటప్పుడు మనసులో మెదిలిన తెలుగు వాక్యమేది? మూడవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యం. దోషం పుట్టిన చోటు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మదనపల్లెలో 1915లో స్థాపితమైన థియసాఫికల్ కళాశాలకు రవీంద్రనాథ్ టాగూర్ 1919లో వచ్చారు. అక్కడ ఉండగానే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ అనువాదానికి బెంగాలీ గీతపు తొలి మాటలను పేరుగా ఉంచలేదు. ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని ఇంగ్లీషులో కొత్త పేరు పెట్టారు. మాటకు మాట పేర్చడం వేరు, భావాన్ని ఆ భాష పద్ధతిలో చెప్పడం వేరు. తన భాష నియమాన్ని తెలిసినవాడే మరొక భాష నియమం ఎక్కడ వేరవుతుందో గుర్తించగలడు. అందుచేత ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగును మరచిపోనక్కర లేదు. దానిని మరింత బాగా ఎరిగి ఉండాలి.

అభ్యాసం

అ. కింది వాక్యాలలోని విశేషణ దోషాలను గుర్తించి సవరించండి. ప్రతి దోషానికీ మూలమైన తెలుగు వాక్యాన్ని ఊహించి రాయండి.

1. హార్స్‌లీ హిల్స్ ఈజ్ మోర్ కూలర్ దాన్ మదనపల్లె.
2. షి బాట్ ఎ టెన్-రూపీస్ పెన్.
3. ది మ్యాంగో టేస్ట్స్ స్వీట్లీ.
4. దేర్ ఈజ్ నాట్ మెనీ వాటర్ ఇన్ ది ట్యాంక్.
5. హి వాజ్ బోరింగ్ బికాజ్ ది లెసన్ వాజ్ లాంగ్.

ఆ. కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి.

1. పోలిక తెలిపే పద్ధతిలో తెలుగుకు, ఇంగ్లీషుకు గల భేదమేమి?
2. భావాన్ని మార్చివేసే విశేషణ దోషాలను సోదాహరణంగా వివరించండి.