జీతము లేని కర్మ

మానవుడు కర్మ నేల చేయుచున్నాడు? కడుపు నిండుటకే యైనచో, నిండిన పిమ్మట మానవలెను గదా! ప్రతి పౌరునకును జీవనమునకు చాలిన ద్రవ్యమును ప్రభుత్వమే నెలనెల నొసగినచో జనులు దేనికొరకు జీవింతురను ప్రశ్న నేడు పలుదేశములందు చర్చింపబడుచున్నది. దీనినే సార్వత్రిక కనీసాదాయ మందురు. మన దేశమున 2016-17 ఆర్థిక సర్వే ఇందులకొక అధ్యాయమునే కేటాయించినది.

ఇట్టి ధనపు ఛాయ తెలంగాణమున కలదు. 2018 మే 10న ఆరంభమైన రైతుబంధు పథకమున ఎకరమునకు పంటకాలమున 4,000 రూపాయలును, 2019 నుండి 5,000 రూపాయలును ఒసగిరి. 2025 జనవరిలో మొదలైన రైతు భరోసాలో అది 6,000 రూపాయలైనది. ఇది భూమి గలవారికే గాని అందరకును గాదు. అయినను కూలిగా గాక వచ్చు ధనము గనుక దృష్టాంతమునకు తగును.

హైదరాబాదునకు ఉత్తరమున దుండిగల్ చెంత నున్న గండిమైసమ్మ ప్రాంతమున మరియొక తీరు కానవచ్చును. వలయ రహదారియు, కళాశాలలును వచ్చుటతో చేలు ఇండ్ల స్థలములైనవి. ఇట్టిచోట పొలము నమ్మి, ఇంటి అద్దెలపై జీవించు ఇరువురిని భావింపుడు. ఒకడు ఉదయము పేకముక్కలతో ఆరంభించి సాయంకాలమును మద్యముతో ముగించును. రెండవవాడు మిగిలిన గుంట నేలలో తులసిని, చామంతిని పెంచి కోవెలకు మాలలు గట్టును. సాయంకాలము పొరుగు బిడ్డలకు ఎక్కములు నేర్పును. ఇరువురి ఆదాయమును సమానమే. భేదము ధనమున లేదు.

అనుభవమును ఇట్లే చెప్పుచున్నది. మధ్యప్రదేశమున 2011-12లో సేవా సంస్థ కొన్ని పల్లెలందు ఒక్కొక్కరికి షరతులు లేని ధనమిచ్చి చూడగా, జనులు సోమరులు కాలేదు. పలువురు కూలిపని తగ్గించి స్వంత సేద్యమునకు మరలిరి. ఫిన్లాండు దేశమున 2017-18లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఒసగగా వారి మనఃస్థితి మెరుగైనది; పనియు తగ్గలేదు. కాని ఇవి స్వల్పకాలపు పరీక్షలు. తరములు గడచిన పిమ్మట ఏమగునో ధనము చెప్పజాలదు, సంస్కారమే చెప్పవలెను.

శ్రీవైష్ణవ సిద్ధాంతమున దీనికి సమాధానము కలదు. పరమపదమున ఆకలి లేదు, కొరత లేదు, జీతము లేదు. అయినను నిత్యసూరులు ఊరకుండరు. కైంకర్యమే వారి ఆనందము. కనుక సేవ జీవుని స్వరూపమే గాని కొరత తీర్చుకొను ఉపాయము గాదు. భగవద్రామానుజుల ఆజ్ఞచే తిరుమల కేగిన అనంతాళ్వారు పూదోట కొరకు చెరువు త్రవ్వుచు, సాయము చేయవచ్చిన బాలుని వారించెనని ఐతిహ్యము. ఆ బాలుడు శ్రీనివాసుడే! తగిలిన గునపపు దెబ్బకు గుర్తుగా నేటికిని స్వామి చుబుకమున కర్పూరము నలంకరింతురు. శ్రమయే వేతనమైనవాడు దానిని పంచుకొన నిచ్చగింపడు.

అయినను ఒక జాగ్రత్త వలయును. సేవయను పేర కూలి నెగవేయుట మహాపరాధము. వెట్టిచాకిరి నెరిగిన తెలంగాణమునకు ఇది చెప్పనక్కరలేదు. ఇచ్ఛతో చేయునది కైంకర్యము. నిర్బంధముచే చేయించునది వెట్టి.

రేపు ధనము తనంత తానే వచ్చిన వచ్చుగాక. గృహస్థులు నేడే దినమునకొక గడియ ప్రతిఫలము కోరని పని నభ్యసింపవలెను: కోవెల ముంగిట ఊడ్చుట, దాహార్తునకు నీరొసగుట, వృద్ధులకు గ్రంథము చదివి వినిపించుట. ఆ గడియయందు రుచి గలిగినవానికి తీరిక భారము గాదు. ఆ రుచి లేనివానికి ఎంత ధనమైనను తీరిక నింపజాలదు.