పొలంలో యంత్రాలకు అదనపు ఇంధనం: రవాణా, నిల్వ, నింపుకోవడంలో భద్రత

వరి నాట్ల కాలంలో దమ్ము ట్రాక్టరు తెల్లవారకముందే మడిలో దిగుతుంది. బంకు పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉండే గ్రామాలు నేటికీ అనేకం. నడిమడిలో డీజిల్ పూర్తిగా నిండుకుంటే ఇంధన గొట్టాలలో గాలి చేరుతుంది; డీజిల్ తెచ్చి పోసినంత మాత్రాన ఇంజను నడవదు, పంపు వద్ద గాలిని బయటకు తీయవలసి వస్తుంది. ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి రైతులు, డ్రైవర్లు అదనపు ఇంధనాన్ని వెంట ఉంచుకుంటారు. అవసరం న్యాయమైనదే. అయితే ఆ ఇంధనాన్ని పాత నూనె డబ్బాలలో, మంచినీళ్ల సీసాలలో, పురుగుమందు క్యాన్లలో తెచ్చి, మడ్‌గార్డుకు వేలాడదీసి, ఇంజను వేడిగా ఉండగానే నింపే అలవాటు ప్రాణాంతకమైనది. ఏ జాగ్రత్త ఎందుకు అవసరమో కారణంతో సహా రైతుకు వివరించగలగడం విస్తరణ శాస్త్రవేత్తకు ముఖ్యం. ఆ కారణాలను, వాటి నుండి వచ్చే ఆచరణను ఈ వ్యాసం క్రమంగా పరిశీలిస్తుంది.

ఇంధనాల స్వభావం

ద్రవ ఇంధనం నేరుగా మండదు. దాని నుండి వెలువడే ఆవిరి గాలితో కలిసి మండుతుంది. నిప్పు తగిలితే అంటుకొనేంత ఆవిరిని ద్రవం విడుదల చేసే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింటు అంటారు. పెట్రోలుకు ఇది సున్నాకు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. అనగా మన ప్రాంతంలో ఏ ఋతువులోనైనా, ఏ వేళనైనా మూత తీసిన పెట్రోలు మండే ఆవిరిని వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోక నేలబారున పారి, పల్లంలోనూ గుంటలోనూ నిలుస్తుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు మండుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే పది ఘనపు మీటర్లకు పైగా గాలిని, అంటే చిన్న పంపుసెట్టు గదిలోని గాలి మొత్తాన్ని, మండే స్థితికి తేగలదు.

డీజిల్ అంత త్వరగా ఆవిరి కాదు. అందువల్ల ‘డీజిల్ అంటుకోదు’ అనే నమ్మకం గ్రామాలలో బలంగా ఉంది. ఇది సగం నిజం మాత్రమే. భారతీయ ప్రమాణాల ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింటు 35 డిగ్రీలకు తగ్గకూడదు. ఐరోపాలో ఈ కనీస పరిమితి 55 డిగ్రీలు. వేసవిలో 42 డిగ్రీలు దాటే తెలంగాణ, రాయలసీమ ఎండలలో ఇనుప డబ్బాలోని డీజిల్ 35 డిగ్రీలను సులభంగా మించుతుంది. అంతేకాక గోనెసంచి, ఎండుగడ్డి, బట్ట వంటివాటిలో ఇంకిన డీజిల్ వత్తిలో నూనెవలె చిన్న మంటకే అంటుకుంటుంది. డీజిల్‌లో కొద్దిపాటి పెట్రోలు కలిసినా దాని ఫ్లాష్ పాయింటు బాగా పడిపోతుంది. పెట్రోలు పోసిన డబ్బాలో డీజిల్ నింపకూడదనడానికి ఇదే కారణం.

ఎంత ఇంధనం నిజంగా అవసరం?

భద్రతలో మొదటి మెట్టు అవసరాన్ని లెక్కించడం. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు సుమారు సగం భారంతో పనిచేస్తే గంటకు ఇంచుమించు 5 లీటర్ల డీజిల్ వాడుతుందని అంచనా వేయవచ్చు. ఎనిమిది గంటల పనికి 40 లీటర్లు. ట్యాంకులో 50 లీటర్లకు పైగా పట్టే ట్రాక్టరు నిండు ట్యాంకుతో ఉదయం బయలుదేరితే ఆ రోజు అదనపు క్యాను అవసరమే ఉండదు. సాయంకాలం పని ముగిసి ఇంజను చల్లబడిన తరువాత ట్యాంకు నింపితే మరొక లాభం ఉంది: రాత్రి చల్లదనానికి ట్యాంకులోని ఖాళీలో తేమ నీరుగా మారి డీజిల్‌లో చేరడం తగ్గుతుంది. కనుక అదనపు ఇంధనం గురించి చెప్పే ముందు, ‘సాయంత్రమే ట్యాంకు నింపండి’ అన్న ఒక్క సలహా అనేక ప్రయాణాలను, వాటితో వచ్చే ప్రమాదాలను తప్పిస్తుంది.

రోటవేటరుతో లోతు దమ్ము, రెండు విడతల డ్రైవర్లతో రాత్రింబవళ్లు నడిచే వరికోత యంత్రం, బంకుకు దూరంగా ఉన్న ఏజెన్సీ గ్రామాలలో పవర్ వీడర్లు, పవర్ స్ప్రేయర్లు: ఇటువంటి సందర్భాలలో అదనపు ఇంధనం తప్పదు.

పాత్ర ఎంపిక

ఇంధనం మోయడానికి నేడు ప్రపంచమంతటా వాడుతున్న 20 లీటర్ల ఇనుప డబ్బాకు, అంటే జెర్రీ క్యానుకు, మూలం 1930ల చివరలో జర్మన్ సైన్యం కోసం రూపొందిన నమూనా. రెండవ ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం వాడిన పలుచని రేకు డబ్బాలు దారిలోనే కారిపోయి ఎంతో ఇంధనం వృథా అయింది. చేజిక్కిన జర్మన్ డబ్బాల మేలు గుర్తించి ఆ సైన్యమూ వాటినే అనుకరించింది. ఆ నమూనాలోని గుణాలు రైతుకు కూడా పాఠాలే. పక్కల నొక్కులు ఇంధనం వ్యాకోచించినప్పుడు రేకు చీలకుండా కాపాడుతాయి. మూడు పిడులు ఉన్నందున నిండు డబ్బాను ఇద్దరు కలిసి మోయవచ్చు. మూత తాళంవలె బిగిసి, కుదుపులకు ఊడదు. నింపినా పైన కొంత గాలి మిగులుతుంది.

పెట్రోలియం చట్టం 1934 ప్రకారం, అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉంచుకోరాదు. దానిని ఉంచే పాత్ర గాజుదైనా పింగాణీదైనా ఒక లీటరుకు, లోహపుదైతే 25 లీటర్లకు మించకూడదు. మూత గట్టిగా బిగిసి ఉండాలి. ఈ నిబంధనలో ప్లాస్టిక్ ప్రస్తావన లేదు. డీజిల్‌కు లైసెన్సు లేని పరిమితి 2,500 లీటర్లు, ఒక్కొక్క పాత్ర 1,000 లీటర్లకు మించరాదు. అయితే చట్టం అనుమతించిన పరిమాణమంతా ఇంటి వసారాలో ఉంచడం క్షేమమని దీని అర్థం కాదు. చట్టం హద్దును చెబుతుంది. వివేకం ఆ హద్దుకు చాలా లోపల నిలుస్తుంది.

పాత్ర విషయంలో మరి మూడు హెచ్చరికలు అవసరం. జింకు పూత గల బకెట్లలో, డబ్బాలలో డీజిల్ నిల్వ చేస్తే జింకుతో చర్య జరిగి జిగట పదార్థాలు ఏర్పడి ఫిల్టరును మూసివేస్తాయి. పురుగుమందు క్యానును ఎన్నిసార్లు కడిగినా ఇంధనానికి వాడరాదు. మంచినీళ్ల, శీతల పానీయాల సీసాలలో ఇంధనం పోయరాదు. దాహంతో ఉన్న కూలీయో, పసిబిడ్డయో దానిని నీరనుకొని తాగే ప్రమాదం ఉంది. ప్రతి పాత్రపైనా ఇంధనం పేరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. పెట్రోలుకు, డీజిల్‌కు, స్ప్రేయర్లలో వాడే పెట్రోలు-ఆయిల్ మిశ్రమానికి వేర్వేరు పాత్రలు ఉండాలి.

బంకు వద్ద

పాత్రను వాహనం మీదనుంచి దించి, నేలపై ఉంచి మాత్రమే నింపాలి. ద్రవం గొట్టంలో ప్రవహించేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. ప్లాస్టిక్ పట్టా పరచిన ట్రాలీలోనో, మోటారుసైకిలు సీటుపైనో పాత్ర ఉంటే ఆ విద్యుత్తు భూమిలోకి పోవడానికి దారి ఉండదు. చిన్న నిప్పురవ్వగా బయటపడవచ్చు. నేలపై ఉంచిన లోహపు పాత్ర అంచుకు నాజిల్ తాకి ఉండగా, నెమ్మదిగా నింపాలి.

అంచువరకు నింపరాదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పెట్రోలు ఘనపరిమాణం వెయ్యింట సుమారు ఒక వంతు పెరుగుతుంది. తెల్లవారి చల్లదనంలో నింపిన 20 లీటర్లు, ఎండలో 25 డిగ్రీలు అధికంగా వేడెక్కితే దాదాపు అర లీటరు పెరుగుతాయి. డీజిల్ పెరుగుదల దీనికి కొంచెం తక్కువ. కనుక 20 లీటర్ల పాత్రలో 19 లీటర్లకు మించి పోయకూడదు.

వాహనంపై ఎక్కడ ఉంచాలి?

20 లీటర్ల డీజిల్ బరువు సుమారు 16.5 కిలోలు; ఇనుప డబ్బాతో కలిపి 20 కిలోలకు పైమాటే. రెండు డబ్బాలంటే 40 కిలోలు. ఈ బరువు ఎత్తున ఉంటే ట్రాక్టరు గురుత్వకేంద్రం పైకి జరుగుతుంది. వెనుక ఇరుసు ఆవల వేలాడితే ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. గట్టు ఎక్కేటప్పుడు, వాలు నేలలో మలుపు తిరిగేటప్పుడు ఈ మార్పు ముఖ్యమవుతుంది. సగం నిండిన పాత్రలో ద్రవం ఊగిసలాడి కట్లను వదులు చేస్తుంది.

కనుక రవాణాకు ట్రాలీయే తగిన చోటు. డబ్బాలను ట్రాలీ అడుగున, ముందు గోడకు ఆనించి, నిలువుగా నిలిపి, పట్టీలతో బిగించాలి. అడుగున రబ్బరు ముక్క వేస్తే రాపిడికి చిల్లు పడదు. అదే ట్రాలీలో ఎండుగడ్డి, ఎరువులు, విత్తనాలు, బ్యాటరీ ఉండకూడదు. ఇంధనంపై మనుషులు కూర్చొని ప్రయాణించకూడదు. మడ్‌గార్డు, సైలెన్సర్ పక్క, సీటు కింద, బ్యాటరీ దగ్గర ఇంధనం ఉంచకూడని చోట్లు. డీజిల్ 250 డిగ్రీల ప్రాంతంలో నిప్పు లేకుండానే అంటుకోగలదు. భారంతో నడిచే ఇంజను ఎగ్జాస్టు గొట్టాలు ఈ వేడిని మించుతాయి.

పొలం చేరిన తరువాత పాటించవలసిన ప్రధాన సూత్రం ఒకటే: పనిచేస్తున్న యంత్రంపై అదనపు ఇంధనం ఉండరాదు. దానిని దించి, చెట్టు నీడలో, గడ్డివాములకు, కల్లానికి, వంట పొయ్యికి దూరంగా, పిల్లలకు అందని చోట ఉంచాలి. యంత్రం ఇంధనం దగ్గరకు రావాలి గాని, ఇంధనం యంత్రంతో తిరగరాదు.

నింపే క్రమం

1. యంత్రాన్ని గడ్డి లేని చదును నేలపై నిలిపి ఇంజను ఆపాలి. కనీసం పది నుండి పదిహేను నిమిషాలు చల్లబడనివ్వాలి.

2. బీడీ, చుట్ట, అగ్గిపెట్టె దరిదాపుల్లో లేకుండా చూసుకోవాలి. రాత్రివేళ లాంతరు, మంట వెలుగులో నింపరాదు.

3. ఎండలో ఉన్న డబ్బా మూతను ముఖానికి దూరంగా, కొద్దికొద్దిగా తిప్పి లోపలి ఒత్తిడిని వదలాలి.

4. జాలీ గల గరాటుతో పోయాలి. డీజిల్ డబ్బాను ముందు కొన్ని గంటలు కదల్చకుండా ఉంచి, అడుగున తేరిన నీటిని, మడ్డిని ట్యాంకులో పడనివ్వరాదు.

5. ఒలికిన ఇంధనాన్ని తుడిచి, ఆవిరి పోయాకే ఇంజను స్టార్టు చేయాలి. తుడిచిన గుడ్డను యంత్రంపై వదలరాదు.

6. గొట్టం పెట్టి నోటితో పీల్చరాదు. మింగినప్పుడు కంటే, ఊపిరితిత్తుల్లోకి జారిన కొద్ది చుక్కలే ప్రాణం మీదకు తెస్తాయి. చేతితో నొక్కే పంపు ఖరీదు స్వల్పం.

ఖాళీ డబ్బా

నిండు డబ్బాకంటే ఖాళీ డబ్బా ప్రమాదకరం కావచ్చు. నిండు పాత్రలో గాలికి చోటు తక్కువ. ఖాళీ పాత్రలో మిగిలిన కొద్ది చుక్కల ఆవిరి గాలితో కలిసి మండే మిశ్రమమవుతుంది. ఇంధనపు పీపాను తొట్టిగా మార్చుకోవడానికి వెల్డింగు దుకాణంలో కోయించడం గ్రామాలలో తరచు కనిపిస్తుంది. లోపలి ఆవిరి ఒక్కసారి అంటుకుంటే పీపా బాంబువలె పేలుతుంది. ఇంధనపు పీపాలను కోయించవద్దని విస్తరణ సిబ్బంది స్పష్టంగా చెప్పాలి.

ప్రమాదం జరిగితే

ఇంధన మంటపై నీరు పోస్తే ద్రవం నీటిపై తేలి మంట వ్యాపిస్తుంది. పొడి రసాయన అగ్నిమాపకం, పొడి ఇసుక, మట్టి వాడాలి. ట్రాక్టరుపై, కోతయంత్రంపై చిన్న అగ్నిమాపకం, డ్రైవరుకు అందేచోట ఉండాలి. ఒంటికి మంట అంటుకున్నవారిని పరుగెత్తనివ్వక నేలపై దొర్లించాలి. కాలిన చోట కనీసం పది నుండి ఇరవై నిమిషాలు చల్లని నీరు ధారగా పోయాలి. సిరా, పేస్టు, పసుపు పూయరాదు. ఇంధనం మింగినవారిచేత వాంతి చేయించరాదు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి, మంటలైతే 101కి ఫోన్ చేయాలి.

విస్తరణలో అనుసరించదగిన పద్ధతి

ఈ విషయంలో ఉపన్యాసం కంటే ప్రదర్శన మేలు. నాట్లకు, కోతలకు పదిహేను రోజుల ముందు అద్దె యంత్రాల కేంద్రాల డ్రైవర్లను సమావేశపరచి, ఇంధనానికి బదులు రంగునీటితో డబ్బా నింపడం, కట్టడం, గరాటుతో పోయడం అభ్యాసం చేయించవచ్చు. ఒలికిన రంగు ఎక్కడెక్కడ పడిందో వారి కళ్లకే కనిపిస్తుంది. అసలు ఇంధనాన్ని వెలిగించి చూపే ప్రదర్శనలు చేయకూడదు. విద్యార్థులు తమ గ్రామ అనుభవ శిక్షణలో ఒక్కొక్క ట్రాక్టరు రోజువారీ ఇంధన వాడకాన్ని నమోదు చేసి, అదనపు డబ్బా నిజంగా ఎన్ని రోజులు అవసరమైందో లెక్కిస్తే, ఆ రైతుకు అది ఏ కరపత్రం కంటే ఎక్కువగా నమ్మకం కలిగిస్తుంది.

డ్రైవరు సాధారణంగా రోజుకూలీ. మంట అంటుకుంటే యంత్రానికి బీమా ఉండవచ్చు. అతని చేతులకు ఉండదు. సరైన డబ్బా, గరాటు, చేతిపంపు, అగ్నిమాపకం సమకూర్చడం యంత్రం యజమాని బాధ్యత. పది నిమిషాలు ఆగి ఇంజను చల్లబడనివ్వడానికి డ్రైవరుకు అవకాశం ఇవ్వడమూ ఆ బాధ్యతలో భాగమే.