తెర చూపించే ముందు: బ్రౌజర్ అడిగే అనుమతి, మన గోప్యత

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నేటికీ అక్కడి అంగళ్లలో, బస్టాండులో తెలుగు వినిపిస్తుంది. అయితే పట్టా నకలుకైనా, ఆస్తిపన్నుకైనా, విద్యుత్ బిల్లుకైనా కంప్యూటరులో కనిపించేది ఎక్కువగా తమిళం లేదా ఆంగ్లం. ఉపాధి నిమిత్తం తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాలకు వచ్చిన తెలుగువారిలో తమిళ లిపి చదవలేనివారు, తెలిసినవారికి వీడియో కాల్‌లో తమ తెరను చూపించి సహాయం కోరుతుంటారు. దీనినే స్క్రీన్ షేరింగ్ అంటారు. ఇది మంచి సౌకర్యమే. కాని ఎంత మేరకు చూపించాలన్నది తెర యజమాని నిర్ణయించవలసిన విషయం.

1. అనుమతి ఎవరి చేతిలో ఉంది?

ఏ వెబ్‌సైటూ తనంతట తాను మీ తెరను చూడలేదు. మైక్రోఫోను, కెమెరాలకు ఒకసారి ఇచ్చిన అనుమతిని బ్రౌజర్ గుర్తుంచుకోగలదు. తెరకు మాత్రం ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది. అప్పుడు క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లు మూడు మార్గాలు చూపుతాయి.

ట్యాబ్: ఎంచుకున్న ఒక్క ట్యాబ్ మాత్రమే అవతలివారికి కనిపిస్తుంది. అదే ట్యాబ్‌లో మరొక పేజీ తెరిస్తే అదీ కనిపిస్తుంది.

విండో: ఆ విండోలో మీరు తెరిచే ప్రతి ట్యాబ్, పైవరుసలోని వాటి పేర్లు కనిపిస్తాయి.

మొత్తం తెర: వాట్సాప్ సందేశాలు, ఫైళ్ల పేర్లు, మధ్యలో వచ్చే నోటిఫికేషన్లు, అన్నీ కనిపిస్తాయి.

దరఖాస్తు నింపడానికి సహాయం కావాలంటే ట్యాబ్ చాలు. బ్యాంకు పేజీని ఎప్పుడూ వేరే ట్యాబ్‌లోనే తెరవండి.

2. ఏది దాగుతుంది, ఏది దాగదు?

పాస్‌వర్డ్ సాధారణంగా చుక్కలుగా కనిపిస్తుంది. ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, ఓటీపీ మాత్రం చాలాచోట్ల ఉన్నవి ఉన్నట్లుగానే కనిపిస్తాయి. అవతలివారు మీకు తెలియకుండానే వాటిని ఫొటో తీసుకోవచ్చు. కనుక ఆ గడులు రాగానే షేరింగ్ ఆపి, వివరాలు నింపి, ఆ పేజీ దాటిన తరువాతే మళ్లీ చూపించండి.

ఆపడానికి ‘స్టాప్ షేరింగ్’ నొక్కాలి. క్రోమ్‌లో దాని ప్రక్కన ఉండే ‘హైడ్’ నొక్కితే ఆ పట్టీ మాత్రమే కనుమరుగవుతుంది; షేరింగ్ కొనసాగుతూనే ఉంటుంది.

3. యాప్ దించుకోమని అడిగితే?

బ్రౌజర్ ద్వారా తెర పంచుకున్నప్పుడు అవతలివారు సాధారణంగా చూడగలరే తప్ప మీ కంప్యూటరును నడపలేరు. దూరం నుండి నడిపించే యాప్‌లు వేరు. అటువంటి ‘ఎనీడెస్క్’ యాప్ ద్వారా జరుగుతున్న మోసాల గురించి భారతీయ రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. “బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కరెంటు తీసేస్తాము” అని సందేశం పంపి, ఫోన్ చేసినవారి చేత ఇటువంటి యాప్ పెట్టించి డబ్బు కాజేయడం మోసగాళ్లకు అలవాటైన పద్ధతి. అపరిచితులు యాప్ దించుకోమంటే, వారు ఏ కార్యాలయం పేరు చెప్పినా ఫోన్ పెట్టేయండి. బిల్లు మీద ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి విచారించండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే ఇంటర్నెట్ ఆపి, బ్యాంకుకు తెలియజేసి, 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఎంత త్వరగా తెలియజేస్తే, ఆ సొమ్ము చేతులు మారక ముందే నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది.

4. చూపించకుండా పని జరగదా?

చాలాసార్లు జరుగుతుంది. క్రోమ్‌లో పేజీపై కుడి బటన్ నొక్కి అనువాదం ఎంచుకుంటే తమిళ పేజీని తెలుగులో చదువుకోవచ్చు. అనువాదం కోసం పేజీలోని పాఠం గూగుల్‌కు చేరుతుంది కనుక, సొంత వివరాలు నింపక ముందే ఈ పని ముగించండి. యంత్రానువాదంలో తప్పులుంటాయి, సందేహం ఉంటే దగ్గరలోని ఈ-సేవై కేంద్రంలో అడగండి.

అభ్యాసం

1. ఆస్తిపన్ను పేజీని మిత్రునికి చూపించాలంటే మూడింటిలో ఏది ఎంచుకుంటారు? ఎందుకు?
2. మధ్యలో ఓటీపీ అడిగితే ముందుగా చేయవలసిన పని ఏమిటి?
3. మీ ఇంటిలో ఫోన్ వాడే పెద్దలకు 1930 సంఖ్య తెలుసా? ఈరోజే అడిగి చూడండి.