విద్యుద్విపణి: భౌతిక ప్రమాదము, ఆర్థిక ప్రమాదము

తిరువళ్ళూరు జిల్లా ఉత్తరాంచలమున, ఆంధ్రసీమ నానుకొనియున్న గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడలో, ఇనుము కరగించు కొలిమికి కరెంటు నడుమ నిలిచినను నష్టమే, నిలువక యూనిట్టు ధర పెరిగినను నష్టమే. మొదటిది భౌతికము, రెండవది ఆర్థికము. అచ్చటి 414 మెగావాట్ల ఓపీజీ బొగ్గు విద్యుత్కేంద్రము, 2005 నాటి విద్యుత్ నియమావళి ననుసరించి వినియోగదారులు కనీసము 26 శాతము వాటా వహించి, 51 శాతము విద్యుత్తును తామే వాడుకొనవలసిన గ్రూప్ క్యాప్టివ్ పద్ధతిపై నడచినది. సరఫరా భయ మిట్లు కొంత తీరినను దిగుమతి బొగ్గు భయము మిగులును: 2022 జనవరిలో ఇండొనేసియా బొగ్గు ఎగుమతిని నిషేధించినది, ఒప్పందపత్రములు బాయిలరులో బొగ్గునకు బదులు పనికిరావు గదా!

ఇక ఆర్థిక ప్రమాదము. మరునాటి విద్యుత్తును 15 నిమిషముల చొప్పున 96 ఖండములుగా విక్రయించు ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి 2008లో వెలసినది. ధరను ముందే నిశ్చయపరచుకొను ఫ్యూచర్స్ మాత్రము, పెట్టుబడివిపణి నియంత్రణసంస్థ సెబీ, కేంద్ర విద్యుత్ నియంత్రణసంస్థ సీఈఆర్‌సీల అధికారవివాదము 2021లో సుప్రీంకోర్టున పరిష్కృతమైన పిదప, 2025 జూలై 10న వస్తువిపణియైన ఎంసీఎక్స్‌లోను, 14న షేరువిపణియైన ఎన్‌ఎస్‌ఈలోను ఆరంభమైనవి. లాటు 50 మెగావాట్ అవర్లు, పరిష్కారము నగదులోనే. వీనిని కొన్నవానికి ధర పెరిగినచో తేడా చేతికందును గాని, కొలిమికి ఒక్క యూనిట్టయినను రాదు. పలువురు పొరబడు తావొకటి: భౌతిక సరఫరా ఒప్పందములు సీఈఆర్‌సీకిని, ఆర్థిక డెరివేటివులు సెబీకిని లోబడును.