నెల్లూరు తీరయాత్ర

చూడవలసిన చోటును చూడడం ఒక ఎత్తు, చూడవలసిన వేళకు అక్కడికి చేరడం మరొక ఎత్తు. యాత్ర ఎంత చిన్నదైనా ముందుచూపు లేనిదే ఫలించదు. రెండు దినాల్లో ముగిసే నెల్లూరు తీరయాత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

ఈ ప్రాంత స్వరూపాన్ని ముందుగా గ్రహించాలి. ఇక్కడ ఉత్తర దక్షిణాలుగా మూడు గీతలు సాగుతాయి. పడమట చెన్నై–కలకత్తా జాతీయ రహదారి, తూర్పున బంగాళాఖాతం, ఈ రెండింటి నడుమ బకింగ్‌హాం కాలువ. రహదారి మీద ఎంత దూరం పయనించినా సముద్రం కనిపించదు. కడలిని చూడగోరేవాడు ప్రతిసారీ తూర్పుకు మళ్లి, పల్లెదారి పట్టి, కాలువ దాటి వెళ్లాలి. తిరిగి రహదారికి రావాలి. పటంలో దగ్గరగా తోచే రెండు తీరగ్రామాల మధ్య ఏరో, ఉప్పుటేరో అడ్డుపడుతుంది. కనుక మైళ్లను గాక గంటలను లెక్కించుకోవడం ఇక్కడి ప్రణాళికకు మొదటి సూత్రం.

రెండవది కాలనిర్ణయం. అక్టోబరు నుండి మార్చి వరకు పులికాట్ సరస్సుకు వలసపక్షులు వస్తాయి. అయితే ఈ ప్రాంతానికి అధిక వర్షాన్నిచ్చే ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు కూడా అక్టోబరు, డిసెంబరుల మధ్యనే వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నెల్లూరుకు ఉత్తరాన జాతీయ రహదారిని కోసివేసింది. పడుగుపాడు వద్ద రైలు మార్గాన్ని దెబ్బతీసింది. ప్రయాణికులు ఎక్కడివారక్కడే నిలిచిపోయారు. అలాగని వానను నిందించరాదు. ఆ వాన కురిస్తేనే చెరువులు నిండుతాయి, చెరువులు నిండితేనే పక్షులు గూళ్లు కడతాయి. వాన వెలిసి, నీరు నిలిచి, ఎండ ముదరని జనవరి, ఫిబ్రవరి మాసాలు యాత్రకు అనువైనవి.

మొదటి దినం తెల్లవారకముందే నెల్లూరు నుండి బయలుదేరితే ఇందుకూరుపేట మీదుగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడు తీరంలో సూర్యోదయాన్ని దర్శించవచ్చు. దారికి ఇరువైపులా వరిపైరు, రొయ్యల చెరువులు, కొబ్బరితోటలు కనువిందు చేస్తాయి. తీరంలో మత్స్యకారులు వలలు దులిపే వేళ అది. ఆనాడు అలల తీరు ఎలా ఉన్నదో వారిని అడిగి తెలుసుకొనకుండా నీటిలో దిగడం అవివేకం.

దారిలో దాటే బకింగ్‌హాం కాలువకు ఒక విషాద చరిత్ర ఉన్నది. 1876–78 నాటి మహాక్షామంలో ఆకలికి అల్లాడిన ప్రజలకు కూలి కల్పించేందుకు దీని తవ్వకాన్ని విస్తరించారు. నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దీనికి స్థిరపడింది. ఒకప్పుడు ధాన్యం, ఉప్పు, కట్టెలు మోసిన పడవలు నేడు లేవు. చాలాచోట్ల కాలువ పూడిపోయింది. అయినా వంతెన మీద ఒక్క నిమిషం వాహనాన్ని ఆపి చూస్తే, ఆ నీటిగీత ఎందరి చెమటతో ఏర్పడిందో స్ఫురించక మానదు.

తిరిగి నెల్లూరు చేరి పెన్న ఒడ్డున ఉన్న రంగనాథస్వామి ఆలయాన్ని సందర్శించవచ్చు. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా ఉంటూ భారతంలోని 15 పర్వాలను తెనిగించిన తిక్కన నడయాడిన నేల ఇది. మధ్యాహ్నం నెల్లూరు చేపల పులుసుతో భోజనం ముగించి, గూడూరు, కోట, వాకాడు మీదుగా దుగరాజపట్నం చేరవచ్చు. ఆంగ్లేయులు ఆర్మగాన్ అని పిలిచిన ఈ ఊరిలో 1620లలో వారి వర్తకస్థానం ఉండేది. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. ఆపైన ఆ నగరం పెరిగింది, ఈ రేవు పల్లెగానే మిగిలింది. చీకటి పడకముందే నాయుడుపేట చేరి విశ్రమించడం మేలు. పల్లెదారుల్లో రాత్రివేళ పశువులు, దీపాలు లేని బండ్లు ఎదురవుతాయి.

రెండవ దినం ఉదయమే దొరవారిసత్రం సమీపంలోని నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాలి. చెరువులోని చెట్లపై గూడబాతులు వందలాదిగా గూళ్లు కట్టి పిల్లలను సాకుతాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువవుతుందని గ్రామస్థులు ఎరుగుదురు. వాటిని శుభసూచకంగా భావించి తరతరాలుగా కాపాడుతున్నారు. అక్కడ కేకలు వేస్తే బెదిరిన తల్లిపక్షి గూడు విడిచిపోతుంది. అది తిరిగి వచ్చేలోగా పిల్లలు ఎండకు, గద్దలకు గురవుతాయి. ఒక్కరి సరదా మరొక ప్రాణికి ముప్పు కారాదు.

అక్కడి నుండి సూళ్లూరుపేట చేరి శ్రీహరికోట దారిలో ప్రవేశిస్తే ఇరువైపులా పులికాట్ సరస్సు పరచుకొని ఉంటుంది. చిలక తరువాత భారతదేశంలో ఇదే అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. లోతులేని నీటిలో రాజహంసలు ముక్కును తలకిందులుగా ముంచి ఆహారాన్ని వడకట్టుకొంటాయి. పక్షులను చూపే ఈ రోడ్డే సరస్సులో నీటి రాకపోకలకు అడ్డుగా నిలిచిందని పర్యావరణవేత్తల ఆవేదన. దారి చివరి ద్వీపం నుండే 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి–3, 2023 జులై 14న చంద్రయాన్–3 నింగికెగిశాయి. అనుమతి లేనిదే అంతరిక్ష కేంద్రంలో ప్రవేశం లేదు. ప్రయోగాన్ని చూడగోరేవారు వీక్షణ ప్రాంగణానికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

వాహనం చక్రాలు, బ్రేకులు, అదనపు టైరు సరిచూసుకోవడం, తాగునీరు, దుర్భిణి వెంట ఉంచుకోవడం, వాతావరణ సూచన వినడం బయలుదేరేముందు చేయవలసిన పనులు. వీటికి తోడు రెండు గంటల తీరిక సమయాన్ని కూడా ప్రణాళికలో చేర్చుకోవాలి. ఆగి చూడడానికి వ్యవధి లేని యాత్ర ఉత్త ప్రయాణంగానే మిగులుతుంది. పక్షి వాననుబట్టి, జాలరి అలనుబట్టి తమ పయనాన్ని నిర్ణయించుకొంటారు. యాత్రికుడు వారి నుండి నేర్చుకోవలసింది అదే.

కఠిన పదాలు – అర్థాలు
క్షామం = కరవు
ఉప్పుటేరు = సముద్రపు నీరు ఎగదన్నే పాయ
స్ఫురించు = మనసుకు తోచు
దుర్భిణి = దూరపు వస్తువులను దగ్గరగా చూపే సాధనం

ప్రశ్నలు
1. నెల్లూరు తీరయాత్రకు జనవరి, ఫిబ్రవరి మాసాలు ఎందుకు అనువైనవి?
2. బకింగ్‌హాం కాలువ చరిత్రను సంగ్రహంగా రాయండి.
3. నేలపట్టు గ్రామస్థులకు, పక్షులకు గల సంబంధాన్ని వివరించండి.
4. మీ ప్రాంతంలో రెండు దినాల యాత్రకు ప్రణాళికను రూపొందించండి.